జపాను సాకే సీసా టొక్కురి: ఎలా ఎంచుకోవాలి, ఎలా చూసుకోవాలి

ఇంబె రైల్వే స్టేషను నుంచి బయటికి రాగానే వీధి పొడవునా మట్టిపాత్రల దుకాణాలు, ఇళ్ల వెనక ఎర్రటి ఇటుక పొగగొట్టాలు కనిపిస్తాయి. జపానులో ఒకయామ ప్రాంతంలోని ఈ చిన్న ఊరే బిజెన్ మట్టిపాత్రలకు పుట్టిల్లు. అక్కడ ఒక దుకాణంలో ముదురు గోధుమరంగు సీసా నచ్చి, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. దుకాణం నడిపే పెద్దావిడ ఏమీ మాట్లాడకుండా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, లోపలికి వెళ్లి నీళ్లు నింపుకొచ్చి, వంచమన్నట్టు సైగ చేశారు. వంచాను. సన్నటి మెడలోంచి నీళ్లు టొకు టొకు టొకుమంటూ ఆమె పట్టుకున్న చిన్న గిన్నెలోకి జారాయి. టొక్కురి అన్న పేరు ఆ చప్పుడు నుంచే పుట్టిందని జపానులో ఒక మాట ఉంది.

అందుకే టొక్కురి కొనాలనుకునే వాళ్లు ఎవరు అడిగినా నేను ముందుగా ఒకటే చెబుతాను. అలమరలో అందానికి పెట్టుకోవాలని కొంటున్నా సరే, దాన్ని వంపడానికి చేసిన పాత్రగానే చూసి కొనండి, అలాగే చూసుకోండి. మీరు సాకే (బియ్యంతో చేసే జపాను మద్యం) తాగుతారా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. మా టొక్కురుల్లో మంచినీళ్లు, పూలు తప్ప మరొకటి ఉండదు. అయినా అవి రోజూ చేతిలోకి వస్తాయి.

ముందు పరిమాణం తేల్చుకోండి

ఫొటోలో చూసి కొనేవాళ్లు తరచుగా పొరపడేది ఇక్కడే. జపానులో సాకే కొలత పేరు ‘గో’. ఒక గో 180 మిల్లీలీటర్లు. పది గోలు ఒక ‘షో’, అంటే 1.8 లీటర్లు. భోజనాల బల్ల మీద పెట్టుకునే టొక్కురి సాధారణంగా ఒక గో లేదా రెండు గోలు పట్టేది. ఒక గో సీసా ఎత్తు జానెడు కూడా ఉండదు. హాల్లో పెద్ద అలమర మధ్య అరలో దాన్ని ఒంటరిగా పెడితే తప్పిపోయిన పిల్లలా కనిపిస్తుంది. అలాంటి చోటికి రెండు గోల సీసా, లేదా పాత రోజుల్లో దుకాణాలు వాడిన పెద్ద సీసా చూసుకోండి. కిటికీ గట్టుకు, చదువుకునే బల్లకు, పూజగది పక్కన గూటికి ఒక గో సీసా చక్కగా అమరుతుంది.

దానికి జతగా తాగే గిన్నెలు ఉంటాయి. చిన్నవి ఒచోకో, కాస్త పెద్దవి గుయినోమి. సీసా, గిన్నెలు ఒకే సెట్టుగా కొనాలని ఏమీ లేదు. సాకే పాత్రలను ప్రేమించే జపానువాళ్లలో ‘బిజెన్ టొక్కురి, కరత్సు గుయినోమి’ అన్న నానుడే ఉంది. సీసా ఒక ఊరిది, గిన్నె మరో ఊరిది అయితేనే అందమని వాళ్ల అభిరుచి. నాకూ అదే ఇష్టం.

తరవాత ఊరు ఎంచుకోండి

జపానులో పాత్ర పేరు ఊరి పేరే. ఉప్పాడ చీర, వెంకటగిరి చీర అన్నట్టు బిజెన్ సీసా, అరిత సీసా అంటారు. ఏ ఊరిదో తెలిస్తే దాన్ని ఎలా కడగాలో, దేనికి వాడాలో సగం తెలిసినట్టే.

బిజెన్ సీసాకు మెరుగు పూత ఉండదు. పొలాల అడుగున దొరికే ఇనుము ఎక్కువున్న బంకమట్టితో చేసి, ఎర్ర పైన్ కట్టెలతో పది రోజుల నుంచి రెండు వారాల దాకా బట్టీలో కాలుస్తారు. వేడి 1200 డిగ్రీలు దాటుతుంది. రంగు, నగిషీ అన్నీ ఆ మంట వేసినవే. ఎగిరి పడిన బూడిద సీసా భుజాల మీద కరిగి, నువ్వులు చల్లినట్టు మచ్చలు కడితే దాన్ని ‘గోమ’ అంటారు. గోమ అంటే జపాను భాషలో నువ్వులే. కాల్చే ముందు వరిగడ్డి చుడితే, గడ్డిలోని క్షారం మట్టిలోని ఇనుముతో కలిసి ఎర్రటి తాళ్లలాంటి చారలు పడతాయి. అది ‘హిదసుకి’. ఒక పాత్ర మీద మరో పాత్ర ఆనించి కాలిస్తే, మంట తగలని చోట గుండ్రటి మచ్చ మిగులుతుంది. దానికి ‘బొతమొచి’ అనే తీపి ఉండ పేరు పెట్టుకున్నారు. నా సీసా హిదసుకి రకం. లేత గోధుమరంగు ఒంటి మీద రెండు ఎర్రటి చారలు మెడ దగ్గర మొదలై బొజ్జ చుట్టూ వాలుగా దిగుతాయి. ఒకచోట గడ్డిపోచ విరిగినట్టుంది, చార అక్కడ రెండుగా చీలింది. ఏళ్లుగా చూస్తున్నా నా వేలు ముందుగా ఆ చీలిక దగ్గరికే వెళుతుంది.

ఆధునిక కాలంలో ఈ పనికి గిరాకీ తగ్గి, బిజెన్ వెనకబడిన రోజులున్నాయి. కనెషిగె తోయో (1896–1967) అనే కుమ్మరి పాత మొమొయామ కాలపు (పదహారో శతాబ్దం చివరి) పాత్రలను చూసి, మట్టినీ బట్టీనీ మళ్లీ అధ్యయనం చేసి ఆ పద్ధతిని నిలబెట్టారు. 1956లో జపాను ప్రభుత్వం ఆయనను ‘జీవన జాతీయ నిధి’గా గుర్తించింది. ఈ రోజు మనకు బిజెన్ టొక్కురి దొరుకుతోందంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

అరిత సీసా దీనికి పూర్తిగా వేరు. అది పింగాణి. తెల్లటి ఒళ్లు, కోబాల్టు నీలంతో గీసిన తీగలు. కొరియా నుంచి వచ్చిన రి సాంపె అనే కుమ్మరి 1616లో ఇజుమియామ కొండలో పింగాణి రాయి కనుక్కోవడంతో జపానులో పింగాణి మొదలైందని సంప్రదాయంగా చెబుతారు. ఇమారి రేవు నుంచి ఓడలెక్కింది కాబట్టి దీన్ని ఇమారి అని కూడా అంటారు. ఆక్టోపస్ చేతుల్లా మెలికలు తిరిగే తీగ నగిషీ (తాకొ కరకుస) ఉన్న సీసాలు జతగా దొరికితే, అవి ఇంట్లోని షింతో (జపాను దేశీయ మతం) దేవుడి అరలో సాకే నైవేద్యం పెట్టేందుకు చేసినవి అయ్యుండవచ్చు. జతను విడదీసి ఒకటే కొనకండి.

హగి సీసా మెత్తటి స్వభావం కలది. పాలమీగడ రంగో లేత గులాబి రంగో ఉంటుంది, పూతలో సన్నటి పగుళ్లు వల అల్లినట్టుంటాయి. వాడే కొద్దీ ఆ పగుళ్లలోకి పానీయం దిగి రంగు మారుతుంది. ఈ మార్పులకు ‘హగి ఏడు వేషాలు’ అని పేరు. మార్పు నచ్చనివాళ్లు హగి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రూపం కోసం కొనేవాళ్లు టంబ వైపు చూడాలి. హ్యోగో ప్రాంతంలోని తచికుయి కుమ్మరులు సీసాను ఎన్ని తీర్లుగా మలచవచ్చో అన్ని తీర్లుగా మలిచారు. కొవ్వొత్తిలా నిటారుగా నిలబడేది ఒకటి, సొరకాయలా నడుము నొక్కింది ఒకటి, రొయ్య బొమ్మ గీసింది ఒకటి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఓడ టొక్కురి. అడుగు వెడల్పుగా పరుచుకుని, మెడ సన్నగా లేస్తుంది. ఓడ ఊగినా పడిపోకూడదని ఆ రూపం. పిల్లలు పరిగెత్తే ఇంట్లో కూడా అదే క్షేమం.

దుకాణాలు అరువిచ్చిన సీసాల సంగతి కూడా చెప్పాలి. ‘ఎదో’ అనే చరిత్ర కాలం (1603–1868) నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా సాకే దుకాణాలు తమ పేరు, ఊరు పెద్ద అక్షరాలతో రాయించిన సీసాలను ఖాతాదారులకు ఇచ్చేవి. సరుకు అయిపోగానే సీసా తిరిగొచ్చేది, మళ్లీ నిండి వెళ్లేది. వీటిని ‘కయొయి టొక్కురి’ అనీ, బీదవాడి సీసా అనే అర్థంలో ‘బింబో టొక్కురి’ అనీ అంటారు. షిగరాకి ఊళ్లో చేసే తనుకి బొమ్మలు చూశారా? తనుకి కుక్క జాతి అడవి జంతువు. బొమ్మలో దాని ఒక చేతిలో ఈ సీసా, మరో చేతిలో అరువు ఖాతా పుస్తకం ఉంటాయి. 1951లో చక్రవర్తి షిగరాకి వచ్చినప్పుడు జెండాలు పట్టుకున్న తనుకి బొమ్మలను దారి పొడవునా నిలబెట్టి స్వాగతం పలికారు. అరువు సీసాల మీది అక్షరాలు చేత్తో చకచకా గీసినవి. చదవడం రాకపోయినా ఆ కుంచె వేగం గోడకు ఎదురుగా పెట్టుకుని చూసుకోదగ్గది. సంతల్లో ఇవి మిగతా పాత సీసాలకంటే తక్కువ ధరకే దొరుకుతుంటాయి.

చేతిలోకి తీసుకుని చూసే పద్ధతి

ఉంగరాలు, గాజులు, గడియారం తీసి పక్కన పెట్టండి. పూత మీద గీత పడడానికి ఒక్క ఉంగరం చాలు. దుకాణదారు అనుమతి అడిగి, బల్లకు దగ్గరగా, రెండు చేతులతో సీసా బొజ్జ పట్టుకుని లేపండి. మెడ పట్టుకుని ఎత్తకండి. పాత సీసాలకు మెడ దగ్గర కనిపించని అతుకు ఉంటే చేతిలో మెడే మిగులుతుంది.

మొదట మూతి. చూపుడువేలిని అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. కంటికి కనబడని పెచ్చు వేలికి తగులుతుంది. పాత సీసాలు మూతి దగ్గరే ఎక్కువగా దెబ్బతింటాయి, ఎందుకంటే గిన్నె అంచుకు తగిలేది అదే.

తరవాత మెడ మొదట్లో, బొజ్జ మీద జుట్టుబీటలు ఉన్నాయేమో చూడండి. ఫోను లైటును మూతి మీద పెట్టి లోపలికి వెలుతురు పంపితే పలుచటి పింగాణిలో బీట గీతలా మెరుస్తుంది. పూతలోని వల పగుళ్లు వేరు, ఒంట్లోని బీట వేరు. వల పగుళ్లు అన్ని వైపులా అల్లుకుంటాయి, బీట ఒంటరిగా సాగుతుంది.

ఇక అడుగు. నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది అడుగునే. పై భాగమంతా మనకు చూపించడానికి తయారైంది, అడుగు మాత్రం కుమ్మరి చేసిన పనిని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. సారె మీంచి దారంతో కోసిన గుర్తు అక్కడ శంఖం మీది గీతల్లా సుడి తిరిగి ఉంటుంది. మన కుమ్మరులు కూడా కుండను సారె మీంచి దారంతోనే కోస్తారు, కాబట్టి ఆ సుడి మనకు కొత్తదేమీ కాదు. పక్కన చెక్కిన చిన్న ముద్ర కుమ్మరిదో బట్టీదో అవుతుంది. పూత లేని ఆ కొద్ది చోటే మట్టి అసలు రంగు కనిపిస్తుంది. వేలితో రాస్తే గరుకుదనం కూడా తెలుస్తుంది.

ఎగుమతి సరుకైతే అడుగున ఆంగ్ల అక్షరాలు కాలాన్ని చెబుతాయి. 1891 నుంచి అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు రాయాలన్న నియమం వచ్చింది. మొదట ‘నిప్పన్’ అని రాసేవారు. 1921 తరవాత ‘జపాన్’ అని రాయాల్సి వచ్చింది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న మాట ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం తరవాత, 1952లో అమెరికా నాయకత్వంలోని ఆక్రమణ ముగిసే లోపు చేసినది. పాత ముద్రలను కొత్త సీసాల మీద వేసి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి ముద్ర ఒక్కటే చూసి ఎక్కువ ధర పెట్టకండి.

చప్పుడు కూడా వినండి. సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూస్తాం కదా, ఇక్కడా అంతే, కాకపోతే ఇంకా మెల్లగా, గోటితో. పింగాణి, గట్టిగా కాలిన బిజెన్ సీసా ఖంగుమంటాయి. బీట ఉంటే చప్పుడు చిరుగుతుంది. హగి మట్టి మెత్తనిది, తక్కువ వేడిలో కాలినది, దాని చప్పుడు ఎప్పుడూ మందంగానే ఉంటుంది. అది లోపం కాదు.

చివరగా, వీలుంటే నీళ్లు పోసి వంచి చూస్తానని అడగండి. జపానులో ఈ కోరికను తప్పుగా తీసుకోరు. ధార సన్నగా, ఒకే చోట పడాలి. ఆపినప్పుడు చివరి చుక్క మూతి దగ్గరే తెగాలి. మెడ వెంట కిందికి కారే సీసా బల్లమీద ప్రతిసారీ మరక వేస్తుంది. నిండినప్పుడు ఒక చేత్తో ఎత్తగలుగుతున్నారా, బొజ్జ మీద వేళ్లకు ఆనిక దొరుకుతోందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. కొన్ని మంచి సీసాలకు కుమ్మరి కావాలనే బొజ్జను ఒక వైపు కాస్త నొక్కి ఉంచుతాడు. బొటనవేలు అక్కడ కూర్చుంటుంది.

ఎక్కడ కొనాలి

జపాను వెళ్లే వీలుంటే తేదీలు చూసుకుని వెళ్లండి. అరితలో ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా పింగాణి సంత జరుగుతుంది. బిజెన్ పండుగ ఇంబెలో అక్టోబరులో జరుగుతుంది. కియోటోలో తోజి గుడి సంత ప్రతి నెల 21న, కితానో తెన్మాంగు గుడి సంత 25న. పాత సీసాలకు ఈ రెండూ మంచి చోట్లు. ఉదయాన్నే వెళ్లాలి.

ఇంటి నుంచే కొనేవాళ్లు జపాను అమ్మకపు వివరణల్లో కొన్ని మాటలు గుర్తుపట్టాలి. ‘కిజు’ అంటే దెబ్బ. ‘హొత్సు’ చిన్న పెచ్చు. ‘న్యూ’ జుట్టుబీట. ‘కన్న్యూ’ పూతలోని వల పగుళ్లు, దానికి భయపడనక్కర్లేదు. ‘నవోషి’ అంటే మరమ్మతు చేసినది. అడుగు ఫొటో, మూతి ఫొటో లేకపోతే అడిగి తెప్పించుకోండి. ‘తొమొబాకొ’ ఉందని రాస్తే, కుమ్మరి స్వయంగా పేరు రాసి ముద్ర వేసిన చెక్క పెట్టె ఉందని అర్థం. ఆ పెట్టెను పారేయకండి, దాని నాడా కూడా తెంపకండి. పెట్టె పోతే సీసా తన కాగితాలు పోగొట్టుకున్నట్టే.

మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా: పాతదాని జోలికి వెళ్లకుండా, ఇప్పుడు బతికి పనిచేస్తున్న కుమ్మరి సీసా కొనండి. నిర్భయంగా వాడవచ్చు, మీ డబ్బు ఆ బట్టీకి వెళుతుంది. పాత సీసాల్లో పూత పైన ఎరుపు, పచ్చ రంగులు వేసి కాల్చినవాటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని అలంకరణకే ఉంచి, తాగేదేదీ పోయకండి.

విమానంలో తెచ్చేటప్పుడు చేతిసంచిలోనే పెట్టుకోండి. లోపల మెత్తటి కాగితం దూర్చకండి, మెడలో ఇరుక్కుంటే తీయడం కష్టం. బయట బట్ట, దాని మీద కాగితం, దాని చుట్టూ బట్టలు. మెడ చుట్టూ ఖాళీ ఉన్న చోటును బొజ్జతో సమానంగా వచ్చేదాకా తువ్వాలుతో నింపండి, అప్పుడు బరువు మెడ మీద పడదు.

ఇంటికి తెచ్చిన రోజు

పింగాణి సీసాను గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు. బిజెన్ సీసాను ఒక పూట నీళ్లలో ముంచి ఉంచండి. హగి, కరత్సు, ఇంకా నీరు పీల్చే గుణమున్న ఏ సీసాకైనా ఒక పని తప్పనిసరి. దాన్ని జపానులో ‘మెదొమె’ అంటారు, సూక్ష్మరంధ్రాలు మూయడమని అర్థం. మన ఇళ్లలో కొత్త మట్టికుండకు గంజి పట్టించే పనే ఇది, తేడా ఏమీ లేదు.

లోతైన గిన్నె అడుగున పాత బట్ట మడిచి వేయండి. సీసాను దాని మీద పడుకోబెట్టి, పలుచటి గంజిగానీ చిక్కటి బియ్యం కడుగు గానీ సీసా లోపలా బయటా నిండేలా పోయండి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడే పొయ్యి వెలిగించాలి, వేడినీళ్లలో సీసా వేస్తే పగులుతుంది. సన్నటి మంట మీద, బుడగలు కుదిపేయకుండా, ఇరవై నిమిషాల నుంచి అరగంట. పొయ్యి ఆపి, అదే గంజిలో పూర్తిగా చల్లారనివ్వండి. రాత్రి మొదలుపెడితే తెల్లవారేసరికి సిద్ధం. బాగా కడిగి రెండు మూడు రోజులు గాలికి ఆరనివ్వండి.

ఈ పని మానేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మొదటి హగి సీసా తెచ్చిన సాయంత్రమే ఆత్రంగా నీళ్లు పోసి, ఒక పువ్వు పెట్టి, టేకు బల్ల మీద ఉంచాను. తెల్లవారి చూస్తే సీసా అడుగు తడిసి, బల్ల మీద తెల్లటి వలయం. సీసా చిల్లు పడిందనుకుని చాలా బాధపడ్డాను. గంజి పట్టించాక కారడం తగ్గింది, కొన్ని నెలల వాడకంలో పూర్తిగా ఆగింది. బల్ల మీది వలయం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

వాడేటప్పుడు

మెరుగు లేని సీసాను వాడే ముందు ప్రతిసారీ ఒక నిమిషం నీళ్లలో ముంచి తీయండి. తడిసిన మట్టి మరకను తేలిగ్గా పీల్చదు. దానితోపాటు రంగు కూడా మేలుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు మబ్బుగా కనిపించే గోధుమరంగు తడవగానే రాగిలా మారుతుంది.

సాకే వేడి చేసుకునేవాళ్లకు పద్ధతి ఇది. మెడ మొదలయ్యే దాకా మాత్రమే పోయండి, వేడికి పానీయం పొంగుతుంది. గిన్నెలో నీళ్లు మరిగించి పొయ్యి ఆపి, సీసాను భుజాల దాకా మునిగేలా నిలబెట్టండి. రెండు మూడు నిమిషాలు చాలు. బయటికి తీసి మధ్యవేలును అడుగుకు తాకించి చూస్తారు, అదే వాళ్ల ఉష్ణమాపకం. ఒక్కో వేడికి ఒక్కో పేరుంది. 35 డిగ్రీల దగ్గర ‘హితొహద’, అంటే మనిషి ఒంటి వేడి. 40 దగ్గర ‘నురుకన్’, 45 దగ్గర ‘జోకన్’, 50 దగ్గర ‘అత్సుకన్’. సీసాకు మెడ సన్నగా ఉండడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వేడి, వాసన త్వరగా బయటికి పోవు, పట్టుకోవడానికి చల్లటి చోటు మిగులుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మెడ దగ్గరి సాకే మరిగిపోయి, అడుగున చల్లగా ఉండిపోతుంది. బంగారు గీత ఉన్న సీసాను అందులో పెట్టనే కూడదు.

వంపేటప్పుడు కుడిచేత్తో బొజ్జ పట్టుకుని, ఎడమచేతి వేళ్లు కింద ఆనించండి. జపానులో పంక్తిలో కూర్చున్నప్పుడు ఎవరి గిన్నెలో వాళ్లు పోసుకోరు, పక్కవాళ్లకు పోస్తారు, పక్కవాళ్లు మనకు పోస్తారు. గిన్నెను రెండు చేతులతో ఎత్తి పట్టుకోవాలి. మా ఇంట్లో భోజనాల దగ్గర మంచినీళ్లకే ఈ అలవాటు పెట్టుకున్నాం. పిల్లలు ఇతరుల గిన్నె ఖాళీ అయిందేమోనని చూడడం నేర్చుకున్నారు.

నీళ్లు తప్ప వేరేవి పోయాలనుకుంటే పింగాణి సీసానే ఎంచుకోండి. జపానులో సోబ సేమ్యాకు ముంచుకునే పులుసును కూడా టొక్కురిలోనే తెచ్చి పెడతారు. మన చారు, మజ్జిగ, నిమ్మరసం కూడా పింగాణిలో నిరభ్యంతరంగా పోయవచ్చు. మెరుగు లేని మట్టిలో మాత్రం మజ్జిగ, నూనె, నెయ్యి వద్దు. ఆ వాసన ఎన్ని కడుగుళ్లకూ వదలదు.

కడగడం, ఆరబెట్టడం

వాడిన వెంటనే కడగండి. మెరుగు లేని సీసాకు సబ్బు తగలనివ్వకండి. ఒకసారి ఇంటికొచ్చిన బంధువు ఒకరు సాయం చేద్దామని నా బిజెన్ సీసాను నిమ్మ వాసన సబ్బుతో తోమారు. ఆ తరవాత మూడు వారాలు అందులో పోసిన నీళ్లు నిమ్మ సబ్బు రుచి చూపించాయి. రోజూ వేడినీళ్లు నింపి పారబోస్తూ వస్తే గానీ పోలేదు.

లోపల పాకుడు పడితే ఒక చెంచా పచ్చి బియ్యం, సగం దాకా గోరువెచ్చని నీళ్లు పోసి, మూతిని అరచేత్తో మూసి, మెల్లగా సుడి తిరిగేలా ఊపండి. బియ్యం గీతలు పడకుండా లోపలంతా తుడిచేస్తుంది. బ్లీచింగ్ పొడి వద్దు. గిన్నెలు తోమే యంత్రంలో వేయవద్దు, బంగారు రంగులు అక్కడే చెరిగిపోతాయి.

ఆరబెట్టడం కడగడంకంటే ముఖ్యం. సన్నటి మెడ వల్ల లోపలికి గాలి ఆడదు. పది నిమిషాలు బోర్లించి నీళ్లు వోడ్చాక, నిలబెట్టి, కిటికీ దగ్గర రెండు మూడు రోజులు వదిలేయండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో, వానాకాలంలో వారం రోజులు పట్టినా తొందరపడకండి. తడి ఆరని సీసాను చెక్క పెట్టెలో పెట్టి మూస్తే బూజు పట్టడం ఖాయం. సీసా లోపలికి ముక్కు పెట్టి చూడండి. తడిమట్టి వాసన వస్తే ఇంకా ఆరలేదన్నమాట. పాలిథిన్ సంచిలో ఎప్పుడూ చుట్టి ఉంచకండి, నూలుబట్ట చాలు.

అలమరలో, కిటికీలో

ప్రతి సీసాకూ ముఖం అంటూ ఒకటి ఉంటుంది. బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పుతూ పోండి. బూడిద బాగా పడిన వైపో, తీగ మొదలయ్యే వైపో మిమ్మల్ని చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ వైపును ముందుకు ఉంచండి. కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో పెట్టాలి, ఎందుకంటే ఇది చాప మీద కూర్చుని చూసిన పాత్ర. వెలుతురు పక్క నుంచి పడితే బూడిద మచ్చలు, సారె తిరిగిన గీతలు లేచి కనిపిస్తాయి. పై నుంచి పడే బల్బు వెలుతురులో అవన్నీ చదునైపోతాయి. అంచుకు జానెడు లోపలికి, కింద చిన్న నూలుబట్ట వేసి పెట్టండి. చుట్టూ వేరే వస్తువులు కిక్కిరియనివ్వకండి.

పువ్వు పెడితే ఒక్కటే. జపానులో ఒంటిపువ్వు కూజాగా టొక్కురిని వాడడం పాత అలవాటే. ఒక నందివర్ధనం రెమ్మ, చిగురేసిన మామిడి కొమ్మ, పొలం నుంచి తెచ్చిన వరికంకి, ఏదైనా సరే సన్నటి మెడలో తనంతట తానే ఒక వైపు వాలుతుంది. ఆ వాలును సరిదిద్దకండి. రోజూ నీళ్లు మార్చండి, మెరుగు లేని సీసా కింద చిన్న పళ్లెం పెట్టండి. పూలకు వాడిన సీసాను మళ్లీ తాగేందుకు వాడకండి, రెండు పనులకూ రెండు సీసాలు ఉంచుకోవాలి.

పగిలితే

పగిలిన ముక్కలను ఊడ్చి పారేయకండి, బజారు జిగురుతో అతికించకండి. జిగురు పెట్టిన అంచును శుభ్రం చేయడం సరైన మరమ్మతు చేసేవాళ్లకు పెద్ద కష్టం. ‘కిన్‌త్సుగి’ పద్ధతిలో ఉరుషి చెట్టు లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. ఉరుషి గట్టిపడాలంటే తేమ, వెచ్చదనం రెండూ కావాలి, పొరకు పొరకు మధ్య రోజులు ఆగాలి. మొత్తం పని నెలలు పడుతుంది. కృత్రిమ జిగురుకు బంగారు రంగు పూసి కిన్‌త్సుగి అని అమ్మే సామగ్రి కూడా దొరుకుతుంది. దానితో చేసిన సీసా చూడడానికి సరిపోతుంది గానీ తాగడానికి పనికిరాదు. ఏది చేయించాలో తేల్చుకునే దాకా ముక్కలను నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, ఒక్కోదాన్ని విడివిడిగా మెత్తటి కాగితంలో చుట్టండి. అంచులు ఒకదానికొకటి రాసుకుంటే తరవాత అతుకు సరిగా కూర్చోదు. మూతి ముక్క, మెడ ముక్క అని పొట్లాల మీద రాసి, చిన్న పలుకులను కూడా ఒక పొట్లంలో వేసి, అన్నిటినీ ఆ సీసా పెట్టెలోనే ఉంచండి.